ముద్రను చివరన చూడాలి: పురాతన రష్యన్ వెండిలో నకిలీలు, తప్పు పేర్లు

పురాతన రష్యన్ వెండి కొనేవారిలో ఎక్కువమందిని దెబ్బతీసేది ముద్రలు చదవడం బొత్తిగా రాకపోవడం కంటే, కొద్దిగా వచ్చి ఆ కొద్దితోనే తృప్తిపడటం. గిన్నె చేతికి అందగానే బోర్లించి అడుగున ఏముందో వెతకడం, అక్కడ ఒక ప్రసిద్ధ నామం కనిపిస్తే ఆపైన వస్తువులో బయటపడే ప్రతి లోపానికీ ఏదో ఒక సమాధానం తానే సమకూర్చుకోవడం మనిషి స్వభావం. నకిలీలు తయారుచేసేవాడు వెండి మీద చూపే శ్రద్ధ కంటే ఈ స్వభావం మీద చూపే శ్రద్ధే ఎక్కువ. కాబట్టి వస్తువు రూపం, బరువు, పనితనం, అరుగుదల చూసి, ఇది ఏ కాలానిదై ఉండవచ్చో ఒక కాగితం మీద రాసుకున్న తర్వాతే ముద్రను పరిశీలించడం, పరిశీలించేటప్పుడు దానిలోని భాగాలు ఒకదానితో ఒకటీ, అన్నీ కలిసి వస్తువుతోనూ పొసగుతున్నాయో లేదో విచారించడం ఈ అధ్యాయంలో వివరించదలచిన అలవాటు. ఇది నేర్చుకోవడం కష్టం కాదు గాని, ఆశ పుట్టిన క్షణంలో పాటించడం కష్టం.

ముందుగా లెక్క. రష్యన్ సామ్రాజ్యంలో వెండి స్వచ్ఛతను వెయ్యి భాగాలలో కాక 96 భాగాలలో చెప్పేవారు. ఒక రష్యన్ పౌండును, అంటే సుమారు 409.5 గ్రాముల తూకాన్ని, 96 జోలోత్నిక్‌లుగా విభజించేవారు కాబట్టి, పౌండు మిశ్రమంలో ఎన్ని జోలోత్నిక్‌ల శుద్ధ వెండి ఉందో ఆ అంకెనే వస్తువు మీద కొట్టేవారు. ఆ ప్రకారం 84 అంటే వెయ్యికి 875 వంతులు, 88 అంటే సుమారు 916, 91 అంటే సుమారు 948. సంతలో కనిపించే సామ్రాజ్య కాలపు వస్తువుల్లో అత్యధిక భాగం 84 అంకెతోనే ఉంటాయి. అయితే ఈ ఒక్క అంకె చూసి వస్తువు రష్యన్‌దని తేల్చేయడం పొరపాటు, ఎందుకంటే ఇరాన్ పనివారి వెండి మీద కూడా 84 అంకె విరివిగా కనిపిస్తుంది. పక్కన పారసీక లిపిలో పేరు, ఒంటి నిండా సన్నని నగిషీ ఉన్న పెట్టెను రష్యన్ వెండిగా అమ్మడం, కొనడం రెండూ జరుగుతూనే ఉన్నాయి. ఇందులో చాలాసార్లు మోసం లేదు, అమ్మేవాడికీ కొనేవాడికీ సమానంగా ఉన్న అజ్ఞానమే ఉంది. మరోవైపు, సామ్రాజ్య కాలపు నగర చిహ్నం పక్కనే 925 అని ఉంటే ఆలోచించవలసిన పనే లేదు. ఆ లెక్క ఆ వ్యవస్థకు చెందినది కాదు.

పీటర్ చక్రవర్తి 1700లో జారీచేసిన శాసనంతో వెండి పరీక్ష, ప్రభుత్వ ముద్ర ఒక పద్ధతిలోకి వచ్చాయి. 19వ శతాబ్దంలో ఆ పద్ధతి స్థిరపడ్డాక ఒక సాధారణ వస్తువు మీద నాలుగు విషయాలు కనిపించాలి. మొదటిది తయారీదారు గుర్తు, అంటే రష్యన్ లిపిలో పేరు మొదటి అక్షరాలు లేదా పూర్తి ఇంటిపేరు. రెండవది పరీక్షాధికారి గుర్తు, అంటే లోహాన్ని పరీక్షించిన ప్రభుత్వ ఉద్యోగి పొడి అక్షరాలు, వాటి కింద సంవత్సరం. మూడవది నగర చిహ్నం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అడ్డంగా దాటుకున్న రెండు లంగర్లు, వాటి మధ్య రాజదండం, మాస్కోకు గుర్రం మీద నుంచి డ్రాగన్‌ను పొడుస్తున్న సెయింట్ జార్జ్. నాలుగవది స్వచ్ఛత అంకె. కొన్నిసార్లు వీటిలో రెండు మూడు ఒకే చట్రంలో కలిసి ఉంటాయి. 1899లో ఈ ఏర్పాటు మారి, కోకోష్నిక్ అనే సంప్రదాయ శిరోభూషణం ధరించిన స్త్రీ తల ప్రభుత్వ ముద్ర అయింది. 1908 వరకు ఆ తల చూసేవారికి ఎడమవైపు తిరిగి ఉంటుంది, పక్కన ప్రాంతీయ పరీక్షా కార్యాలయ అధికారి పొడి అక్షరాలు ఉంటాయి. 1908 నుంచి తల కుడివైపు తిరుగుతుంది, అధికారి అక్షరాల స్థానంలో కార్యాలయాన్ని సూచించే గ్రీకు అక్షరం వస్తుంది. ఆల్ఫా అయితే పీటర్స్‌బర్గ్, డెల్టా అయితే మాస్కో. సోవియట్ ప్రభుత్వం 1927లో సుత్తి పట్టిన కార్మికుని తలను, వెయ్యి భాగాల లెక్కను తెచ్చింది. 1958లో నక్షత్రంలో సుత్తి కొడవలి వచ్చాయి. ఈ మాత్రం కాలక్రమం నోటికి వస్తే చాలు, అంగట్లో తిరిగే ముతక నకిలీలలో గణనీయమైన భాగం అక్కడికక్కడే రాలిపోతాయి.

ఎందుకంటే ముతక నకిలీ చేసేవాడికి విడివిడిగా ముద్రలు దొరుకుతాయి గాని వాటి వ్యాకరణం తెలియదు. కోకోష్నిక్ ముద్రలో సంవత్సరం ఉండదు. కాబట్టి స్త్రీ తల పక్కన అదే తాజాదనంతో 1890 అని కనిపిస్తే అనుమానించాలి. పాత వస్తువును తర్వాతి కాలంలో మళ్లీ పరీక్షించి కొత్త ముద్ర వేసిన సందర్భాలు లేకపోలేదు, అయితే అప్పుడు పాత ముద్ర అరుగుదల ఒక తీరుగా, కొత్తదాని అరుగుదల మరొక తీరుగా ఉంటుంది. కుడివైపు తిరిగిన తలకు మాస్కో అధికారి ఇవాన్ లెబెద్కిన్ పొడి అక్షరాలు జతపడటం మరొక వైరుధ్యం, ఎందుకంటే ఆయన అక్షరాలు 1908కి ముందు ఎడమవైపు తలతో కనిపించేవి. అక్షరక్రమం కూడా సాక్ష్యమే. 1918 లిపి సంస్కరణకు ముందు రష్యన్‌లో హల్లుతో ముగిసే పదాల చివర ఉచ్చారణ లేని ఒక కఠిన చిహ్నం రాసేవారు. సాజికోవ్, గ్రాచోవ్, ఓవ్చిన్నికోవ్ వంటి ఇంటిపేర్లు పూర్తిగా రాసిన ముద్రల్లో ఆ చిహ్నం ఉండాలి. కొత్త లిపి మాత్రమే చదువుకున్నవాడు అచ్చు చెక్కితే అది మాయమవుతుంది. ప్రసిద్ధ సంస్థ ఫాబెర్జే పేరు అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఈ పరీక్ష దానికి వర్తించదు. నకిలీగాళ్లు ఆ పేరును ఇష్టపడటానికి ఇది కారణం కాకపోయినా, వారికి కలిసివచ్చిన సౌకర్యం మాత్రం అవును.

నకిలీ కాని వస్తువుకు తప్పుడు పేరు అంటుకోవడం ఇంతకంటే సాధారణమైన, ఇంతకంటే తక్కువగా చర్చకు వచ్చే సమస్య. ఇందులో మొదటి ఉచ్చు లిపిలోనే ఉంది. రష్యన్ అక్షరాలు కొన్ని రోమన్ అక్షరాల్లాగే కనిపిస్తూ వేరే ధ్వనులను పలుకుతాయి. చూపుకు ఇంగ్లీషు ‘బీ, సీ’ లా ఉన్న జంట నిజానికి ‘వ, స’. ‘పీ’ లా ఉన్నది ‘ర’. ‘హెచ్’ లా ఉన్నది ‘న’. ‘బీ, సీ’ అనుకుని ఆ అక్షరాలతో మొదలయ్యే తయారీదారుని జాబితాలలో వెతికేవారికి ఎవరో ఒకరు దొరకకపోరు. అయితే 19వ శతాబ్దం రెండవ సగంలో మాస్కో వస్తువుల మీద, కింద సంవత్సరంతో కనిపించే ‘వ, స’ అక్షరాలు తయారీదారువి కావు. అవి పరీక్షాధికారి విక్తర్ సావిన్కోవ్‌వి. చెంచాల మీద, గ్లాసు పట్టీల మీద, ప్రతిమల తొడుగుల మీద ఆయన గుర్తు లెక్కలేనన్ని చోట్ల ఉంది. ఆ మనిషి వాటిలో ఒక్కటీ చేయలేదు. అదే విధంగా ‘ఆ, క’ అనే జంట శతాబ్దం మొదటి సగంలో, సంవత్సరం పైన కనిపిస్తే మాస్కో పరీక్షాధికారి ఆంద్రేయ్ కొవాల్‌స్కీని సూచిస్తుంది; శతాబ్దం చివరి దశాబ్దాలలో, విడిగా ఒక చట్రంలో కనిపిస్తే, అమెరికాలో టిఫనీ సంస్థకు ఎనామెల్ వస్తువులు సరఫరా చేసిన మాస్కో తయారీదారు అంతిప్ కుజ్మిచోవ్‌ను సూచించవచ్చు. అక్షరాలు అవే, స్థానం వేరు, కాలం వేరు, మనిషి వేరు. అక్షరాల కింద సంవత్సరం ఉంటే అది అధికారి గుర్తు అనే ఒక్క నియమం గుర్తుంచుకున్నవారు ఈ రకం తప్పుల్లో సగానికి పైగా తప్పించుకుంటారు.

రెండవ ఉచ్చు జాబితాల వల్ల వస్తుంది. రష్యన్ వెండి పరిశోధనలో మరీనా పోస్త్నికోవా-లోసేవా, ఆమె సహరచయిత్రులు 1983లో ప్రచురించిన ముద్రల సంకలనం లేకుండా ఈ రంగంలో ఒక్క అడుగు కూడా పడదు, ఆ గ్రంథం పట్ల గౌరవం తగ్గవలసిన అవసరమూ లేదు. కాని ఏ జాబితా అయినా దొరికిన పేర్లనే చెబుతుంది. ఒకే నగరంలో, ఒకే దశాబ్దంలో, ఒకే పొడి అక్షరాలతో ఇద్దరు ముగ్గురు పనివారు ఉండటం మామూలే. వారిలో ఒకరి పేరు మాత్రమే జాబితాకెక్కితే మిగిలినవారి పని అంతా ఆ ఒక్కరి ఖాతాలో పడుతుంది. ఒక వేలం కేటలాగులో పడిన ఆపాదన మరొక కేటలాగులోకి, అక్కడి నుంచి అమ్మకందారుల చీటీల్లోకి ప్రవహించి, పదిసార్లు కనిపించడమే రుజువుగా చలామణి అవుతుంది. కాబట్టి పొడి అక్షరాలను పోల్చేటప్పుడు అక్షరాలు ఒకటే అయితే సరిపోదు. చట్రం ఆకారం దీర్ఘచతురస్రమా, అండాకారమా, అంచులు గుండ్రంగా ఉన్నాయా, అక్షరాల మధ్య చుక్క ఉందా, ఉంటే గీత మధ్యలో ఉందా అడుగున ఉందా అనేవి కూడా కలవాలి. కలవకపోతే ‘ఫలానా అక్షరాల పనివాడు, పేరు తెలియదు’ అని రాసుకోవడానికి సంకోచించకూడదు. మ్యూజియంలు చాలాకాలంగా అలాగే రాస్తున్నాయి.

మూడవ ఉచ్చు ప్రసిద్ధ సంస్థల అంతర్గత ఏర్పాట్లు తెలియకపోవడం. ఫాబెర్జే సంస్థ 1842లో పీటర్స్‌బర్గ్‌లో మొదలై, 1885లో రాజసభ సరఫరాదారు హోదా పొంది, 1887లో మాస్కోలో శాఖ తెరిచి, 1918లో మూతపడింది. పీటర్స్‌బర్గ్‌లో పని ప్రధాన శిల్పుల చేతిలో ఉండేది. వారు సంస్థ కోసం పనిచేస్తూనే తమ కర్మాగారాలను తామే నడిపి, సంస్థ పేరుతోపాటు తమ పొడి అక్షరాలను కూడా వేసేవారు. మాస్కో శాఖ వెండి మీద సాధారణంగా ముందు పొడి అక్షరంతో కూడిన ‘కె. ఫాబెర్జే’, దానిపైన రెండు తలల గద్ద కనిపిస్తాయి. పీటర్స్‌బర్గ్ ప్రధాన శిల్పి మిఖాయిల్ పెర్ఖిన్ 1903లో మరణించగా ఆయన కర్మాగారం హెన్రిక్ విగ్‌స్ట్రోమ్ చేతికి వచ్చి, విగ్‌స్ట్రోమ్ తన సొంత అక్షరాలు వేయడం మొదలుపెట్టాడు. కాబట్టి పెర్ఖిన్ అక్షరాల పక్కన 1908 తర్వాతి కుడివైపు తల కనిపిస్తే, అది మళ్లీ పరీక్షించిన వస్తువు కాకపోతే, ఆ కలయిక అసాధ్యం. విగ్‌స్ట్రోమ్ అక్షరాల పక్కన 1899కి ముందరి లంగర్ల చిహ్నం కనిపించినా అంతే. ఈ రెండు పొరపాట్లూ నకిలీల మీద దొరుకుతాయి.

అయితే ఈ తర్కాన్ని గుడ్డిగా అందరికీ వర్తింపజేస్తే అసలును నకిలీ అనే ప్రమాదం ఉంది. ఆభరణ శిల్పి ఆగస్ట్ హోల్మ్‌స్ట్రోమ్ కూడా 1903లోనే మరణించాడు, కాని ఆయన కుమారుడు ఆల్బర్ట్ తండ్రి అక్షరాలనే కొనసాగించాడు. పావెల్ ఓవ్చిన్నికోవ్ 1888లో మరణించినా ఆయన పేరుతో సంస్థ విప్లవం వరకు నడిచింది. మాస్కో ఎనామెల్ పనిలో అగ్రగణ్యుడైన ఫ్యోదర్ ర్యూకెర్ట్ తన వస్తువులను ఫాబెర్జేకూ ఇతర విక్రయ సంస్థలకూ అమ్మేవాడు కాబట్టి, ఆయన అక్షరాల మీదుగా అమ్మిన సంస్థ ముద్ర పడి ఉండటం ఆయన విషయంలో మోసానికి గుర్తు కాదు. అనుమానించడం నేర్చుకున్న కొత్తవారు ఏది చూసినా నకిలీ అనే దశ ఒకటి దాటుతారు. ఆ దశలో వారు చేసే నష్టం డబ్బులో కనిపించదు గాని, మంచి వస్తువులను అనామకంగా కరిగించే మూసల వరకు పంపగలదు.

ఇక నిజమైన నకిలీల విషయం. పూర్తిగా కొత్తగా చేసినవి ఒక రకం. నిజంగా పాతదే అయిన సాధారణ వస్తువుకు గొప్ప పేరు తగిలించినవి మరొక రకం. పాత జర్మన్, ఆస్ట్రియన్ గిన్నెలకు రష్యన్ ముద్రలు కొట్టినవి ఇంకొక రకం. ఈ చివరిది పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుండే పని, ఎందుకంటే ఆ దేశాల వెండి చాలావరకు వెయ్యికి 800 వంతులదే కాబట్టి, దాని మీద 84 కొట్టినవాడు తన అబద్ధాన్ని లోహంలోనే రాసి పెట్టినట్టు అవుతుంది. లోహాన్ని పరీక్షిస్తే తేలిపోతుంది. రెండవ రకం అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో వెండి అసలు, వయసు అసలు, అరుగుదల అసలు, చాలాసార్లు ప్రభుత్వ ముద్ర కూడా అసలే. అబద్ధం ఒక్క తయారీదారు గుర్తులో మాత్రమే ఉంటుంది.

ఆ అబద్ధం పట్టుబడే చోటు ముద్ర గుంట అంచు. ఉక్కు అచ్చును సుత్తితో కొట్టినప్పుడు లోహం తొలగిపోదు, పక్కకు తోసుకుపోతుంది. చట్రం చుట్టూ సన్నని ఉబ్బు లేస్తుంది, పలుచటి రేకు అయితే వెనుకవైపున కూడా మసక బొడిపె కనిపిస్తుంది. పాత వస్తువులను సాధారణంగా పని పూర్తిగా ముగియకముందే పరీక్షకు పంపేవారు కాబట్టి, తర్వాత జరిగిన ఆకురాయి పని, మెరుగు ఆ ఉబ్బును చదును చేసి ఉంటాయి; ఆపైన నూరేళ్ల తుడుపులో ముద్ర అంచులు చుట్టూ ఉన్న వెండితో సమానంగా మెత్తబడి ఉంటాయి. పది రెట్లు పెద్దదిగా చూపే కంసాలి భూతద్దంతో, వెలుతురు ఏటవాలుగా పడేలా తిప్పి చూస్తే, తర్వాత కొట్టిన గుర్తు దగ్గర ఈ క్రమం తలకిందులుగా కనిపిస్తుంది: చుట్టూ ఉన్న సన్నని పాత గీతలు చట్రం అంచు దాకా వచ్చి అక్కడ ఠక్కున తెగిపోతాయి, లేదా గుంట లోపలికి వంగి దిగుతాయి, అంటే గీతలు ముందు, ముద్ర తర్వాత. నిజమైన ముద్ర మీదుగా గీతలు అడ్డంగా దాటిపోతాయి. ఒక వస్తువు మీద ప్రభుత్వ ముద్ర మెత్తగా అరిగి, దాని పక్కన అంగుళం దూరంలో ఉన్న ఫాబెర్జే పేరు మాత్రం కరుకుగా నిలబడి ఉంటే, రెండింటికీ ఒకే వయసు అని నమ్మించగల వివరణ లేదు. లేజర్‌తో చెక్కిన గుర్తులో లోహం తోసుకుపోదు, కాలిపోతుంది. అడుగు గరుకుగా, సమాన లోతులో, సన్నని సమాంతర గీతలతో ఉంటుంది.

పోత నకిలీల తీరు వేరు. అసలు చెంచా నుంచి అచ్చు తీసి వెండి పోసినప్పుడు ముద్ర కూడా దానితోపాటు పోతలోనే వస్తుంది. అక్షరాల మూలలు గుండ్రబడతాయి, గుంట అడుగున సూదిమొనలాంటి చిన్న రంధ్రాలు ఏర్పడతాయి, లోహం చల్లారుతూ కుంచించుకుపోవడం వల్ల ముద్ర అసలు కొలత కంటే కొంచెం చిన్నదవుతుంది. ఒకే సెట్టులోని ఆరు చెంచాలను పక్కపక్కన పెట్టి చూడటం దీనికి ఉత్తమమైన పరీక్ష. చేత్తో కొట్టిన ముద్ర ఒక్కో చెంచా మీద ఒక్కో కోణంలో, ఒకచోట లోతుగా, ఒకచోట ఒక మూల పడకుండా ఉంటుంది. ఆరింటి మీదా అదే వంపు, అదే చోట అదే అక్షరం మసకబారడం కనిపిస్తే అవి ఆరు చెంచాలు కావు, ఒకే చెంచాకు ఆరు నకళ్లు.

ముద్రను మార్పిడి చేయడం వీటన్నిటిలో తెలివైన పని. విలువలేని ఒక విరిగిన చెంచా లేదా మూత నుంచి అసలైన ముద్రలున్న ముక్కను కోసి, పెద్ద గిన్నె అడుగున అమర్చి టంకంతో అతుకుతారు. భూతద్దం కింద ముద్ర నూటికి నూరుపాళ్లు అసలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే అది అసలే. పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. వస్తువును చల్లబరిచి ముద్ర ఉన్న చోట నోటితో ఆవిరి ఊదితే, టంకంలోని మిశ్రమం వెండికంటే భిన్నమైనది కాబట్టి, ఆవిరి ఆరిపోయే ఆ కొద్ది క్షణాల్లో ముద్రల చుట్టూ ఒక సన్నని గీత వలయంగానో చతురస్రంగానో తేలుతుంది. అడుగు భాగానికి పూత వేసి ఉంటే ఈ పరీక్ష పనిచేయదు. అయితే లోపలివైపు పాత పూతతో, అడుగున మాత్రం కొత్త పూతతో ఉన్న గిన్నె తన కథ తానే చెబుతున్నట్టు లెక్క. ముద్రల అమరికను కూడా గమనించాలి. చెంచా కాడ సన్నని చోటు కాబట్టి ముద్రలు ఒకే వరుసలో బిగుతుగా కొడతారు. విశాలమైన గిన్నె అడుగు మధ్యలో ముద్రలు అలా ఇరుక్కుని నిలబడవలసిన అవసరం లేదు. దీనితోపాటు, విడదీయగల ప్రతి భాగం మీద, మూత మీద, పీట మీద, లోపలి పాత్ర మీద గుర్తులు ఉన్నాయా, ఉంటే అవి ఒకే నగరానివి, ఒకే కాలానివేనా అని చూడాలి. నకిలీగాడు సాధారణంగా కొనేవాడు చూసే చోటనే కష్టపడతాడు.

ఎనామెల్ వస్తువులలో మోసం పైకి కనిపించే వైపునే జరుగుతుంది. వెండి మీద మెలితిప్పిన సన్నని తీగలతో గదులు కట్టి, వాటిలో రంగు గాజుపొడి నింపి కొలిమిలో కాల్చే పని మాస్కోలో 19వ శతాబ్దం చివర ఉన్నత స్థాయికి చేరింది. కరీంనగర్ ఫిలిగ్రీ పనిని చేతిలోకి తీసుకుని చూసినవారికి ఆ తీగ పనిలో ఉండే ఓర్పు ఎంతటిదో వేరుగా చెప్పనక్కర్లేదు, మాస్కోలో ఆ తీగల మధ్య ఖాళీని రంగుతో నింపారనుకుంటే చాలు. ఎనామెల్ ఉన్న వస్తువు ధర సాదా వెండికి ఎన్నో రెట్లు పలుకుతుంది కాబట్టి, నిజమైన ముద్రలున్న సాదా గిన్నెలకు తర్వాతి కాలంలో ఎనామెల్ చేర్చడం ఒక పరిశ్రమగానే సాగింది. ఇక్కడ ముద్ర మీద చూపు నిలిపినవారికి ఏమీ దొరకదు. తీగ మెలిక ఒకే మందంలో యంత్రంలోంచి వచ్చినట్టు ఉందా, రంగులు తీగ అంచు దాటి పొంగాయా, ముద్ర మీదకు ఎనామెల్ పాకిందా, తెల్లరంగులో మట్టి చాయకు బదులు రసాయనిక మెరుపు ఉందా అనేవి చూడాలి. కాల్చిన గాజుకు బదులు రెసిన్ నింపితే అతినీలలోహిత దీపం కింద అది గాజుకు భిన్నంగా వెలుగుతుంది, సూదిమొనకు లొంగుతుంది. అయితే ఒక మూలలో మాత్రమే రెసిన్ దొరికితే అది మరమ్మతు కావచ్చు. ధర తగ్గాలి గాని వస్తువును వెలివేయకూడదు.

ప్రయోగశాల పరీక్ష ఖరీదైన వస్తువులకు మాత్రమే సమంజసం. ఎక్స్ కిరణాల ప్రతిదీప్తి అనే పద్ధతిలో లోహాన్ని గీయకుండానే అందులోని మూలకాల పాళ్లు తెలుసుకోవచ్చు. విద్యుత్ విశ్లేషణతో వెండిని శుద్ధి చేయడం 1880లలో మొదలయింది కాబట్టి, అంతకు ముందరి వెండిలో బంగారం, సీసం, బిస్మత్ వంటివి కొద్దిపాళ్లలో మిగిలి ఉంటాయి. 1790 నాటిదని చెప్పే పాత్రలో అవేమీ లేకుండా వెండి, రాగి మాత్రమే కనిపిస్తే సమాధానం చెప్పవలసింది అమ్మేవాడు. అతుకుల్లో కాడ్మియం కనిపిస్తే ఆ టంకం 20వ శతాబ్దానిది. అది నకిలీకి రుజువు కావచ్చు, కేవలం మరమ్మతుకు కావచ్చు. ఫలితం చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: పాత వెండిని ఆమ్లంలో శుభ్రం చేసినప్పుడు పైపొరలోని రాగి కరిగిపోయి వెండి పాళ్లు ఎక్కువగా కనిపిస్తాయి, ఆ కిరణాలు పైపొరనే చదువుతాయి. 875కు బదులు 890 వచ్చినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. 800 వస్తే మాత్రం పడాలి.

ఈ నకిలీలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే పత్రాల విలువను అంచనా వేయడం సులభమవుతుంది. విప్లవం తర్వాత సోవియట్ ప్రభుత్వం విదేశీ మారకం కోసం 1920లు, 1930లలో పెద్దయెత్తున కళాఖండాలను అమ్మింది. అమెరికాలో ఆర్మండ్ హామర్ వాటిని డిపార్ట్‌మెంట్ స్టోర్లలో ప్రజలకు అమ్మాడు. గిరాకీ అప్పుడే పుట్టింది, దానితోపాటు నకిలీ పుట్టింది, ఫాబెర్జే నిపుణుడు గేజా ఫాన్ హాబ్స్‌బుర్గ్ వాటికి ‘ఫోబెర్జే’ అనే ఎగతాళి పేరును ప్రచారంలోకి తెచ్చాడు. కాబట్టి ‘1930లలో మా కుటుంబం కొన్నది’ అనే పత్రం నిజమే అయినా, అది వస్తువు 1930ల నాటికి ఉందని మాత్రమే చెబుతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఎర్మితాజ్ మ్యూజియం ఏర్పాటుచేసిన ఫాబెర్జే ప్రదర్శనలోనే అనేక వస్తువులు నకిలీవని 2021లో ఒక విదేశీ వ్యాపారి బహిరంగ లేఖ రాయడం, మ్యూజియం దాన్ని ఖండించడం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. గొప్ప భవనంలో అద్దాల వెనుక ఉండటం కూడా రుజువుగా చాలదని ఆ వివాదం స్పష్టం చేసింది. బలమైన పత్రం అంటే ఆ కాలంలోనే రాసినది: ఫాబెర్జే లండన్ శాఖ అమ్మకాల పుస్తకాలలో కొన్ని మిగిలి ఉన్నాయి, వస్తువుల మీద సన్నగా గీసిన జాబితా సంఖ్యలను వాటితో సరిచూసే అవకాశం కొన్ని సందర్భాలలో ఉంది. ఫ్రాన్స్‌లోకి దిగుమతి అయిన వెండి మీద 1893 నుంచి కొట్టిన హంస గుర్తు కూడా ఇలాంటి మంచి సాక్షి, ఎందుకంటే నకిలీగాడు దాన్ని చేర్చాలని సాధారణంగా అనుకోడు.

అమ్మే చోటికి వెళ్లకుండా ఫొటోలు చూసి కొనవలసి వచ్చినప్పుడు ముద్ర ఫొటో ఒక్కటి అడిగి ఊరుకోకూడదు. ముద్రను ఏటవాలు వెలుతురులో, దాని వెనుకవైపు రేకును, విడదీసిన ప్రతి భాగాన్ని, అడుగు మొత్తాన్ని ఒకే చట్రంలో అడగాలి. పంపడానికి అమ్మకందారు తటపటాయిస్తే ఆ తటపటాయింపును కూడా వస్తువు లక్షణాల జాబితాలో రాసుకోవచ్చు. ఆ తర్వాత ధర. ముద్ర చూడకముందు కాగితం మీద రాసుకున్న అంచనాలో, పేరు తెలియని మాస్కో పనివాడి గిన్నెగా దీనికి ఎంత ఇవ్వవచ్చు అనే అంకె కూడా ఉండాలి. పేరు కోసం ఆ అంకెపైన చెల్లించే ప్రతి రూపాయికీ ప్రత్యేకమైన ఆధారం అడగాలి. ఆ ఆధారం రసీదులో మాటగా రావాలి. వేలం కేటలాగులలో ‘ఫాబెర్జే’ అని సూటిగా రాయడానికీ, ‘ఫాబెర్జే ముద్రలు కలిగిన’ అని రాయడానికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. మొదటి వాక్యంలో సంస్థ తన అభిప్రాయానికి బాధ్యత వహిస్తుంది, రెండవ వాక్యంలో ముద్ర కనిపిస్తోందని మాత్రమే చెప్పి తప్పుకుంటుంది. వ్యక్తిగత అమ్మకందారు రసీదులో తయారీదారు పేరు, నగరం, కాలం, స్వచ్ఛత రాసి, అవి తప్పని తేలితే ఎన్ని రోజుల్లో సొమ్ము తిరిగి ఇస్తాడో కూడా రాసి సంతకం చేయడానికి సిద్ధపడకపోతే, కొనుగోలుదారు ఇవ్వవలసినది కాగితం మీద ముందే రాసుకున్న ఆ మొదటి అంకె మాత్రమే.